ఆర్‌పీఎన్ కాలిక్యులేటర్ బటన్ల మీద ఏం రాయాలి? కొత్తవాళ్ల కోసం ఎంపికల పోలిక

రివర్స్ పోలిష్ నొటేషన్ (అందరూ ఆర్‌పీఎన్ అనేస్తారు; అంకెలు ముందు కొట్టి, చేయాల్సిన పని చివర నొక్కే పద్ధతి) కాలిక్యులేటర్‌ని కొత్తవాళ్ల చేతికిచ్చి 5, 3 కలపమంటే జరిగేది దాదాపు ఒకటే. 5 నొక్కుతారు, + నొక్కుతారు, 3 నొక్కుతారు, ఆపైన = కోసం వెతుకుతారు. అది ఉండదు. పెద్దగా కనిపించే బటన్ ఎంటర్ కాబట్టి దాన్ని నొక్కుతారు. తెర మీద 3 అలాగే ఉంటుంది. ఇదేదో పాడైపోయినట్టుందని తిరిగి ఇచ్చేస్తారు. మెషీన్‌కి ఏమీ కాలేదు. 5, ఎంటర్, 3, + అని కొట్టాల్సింది. బటన్ మీద ఉన్న మాట చూసి వాళ్లు ఒకటి ఊహించుకున్నారు, మెషీన్ ఇంకొకటి చేసింది.

ఆ తేడాని తగ్గించడానికి మన ముందు నాలుగు దారులున్నాయి. కంపెనీ రాసిందే ఉంచి పక్కన చీటీ పెట్టడం ఒకటి. అక్షరాలు తీసేసి బాణం గుర్తులు పెట్టడం రెండోది. తెలుగు మాటలు అంటించడం మూడోది. మెషీన్‌ని ముట్టుకోకుండా ఫోన్ యాప్‌లో బటన్ల బొమ్మనే మార్చేయడం నాలుగోది. నా మాట ముందే చెప్పేస్తాను: చాలామందికి అయిదారు బటన్లు మారిస్తే చాలు. వాటి మీద ఒక గుర్తో, చిన్న తెలుగు మాటో, రెండూనో ఉండాలి. అంకెల జోలికీ, కూడికలు తీసివేతల జోలికీ వెళ్లొద్దు. అన్నీ మార్చేస్తే, కంపెనీ పుస్తకంలో ఉన్న లెక్కని మెషీన్ మీద చేసి చూసుకునే అవకాశం పోతుంది.

ముందు మీ దగ్గరున్న మెషీన్ ఏదో చూసుకోండి

ఇది తేల్చకుండా స్టిక్కర్లు కొనొద్దు. ఎందుకంటే ఎంటర్ అన్ని ఆర్‌పీఎన్ మెషీన్లలో ఒకేలా పనిచేయదు.

హ్యూలెట్-ప్యాకర్డ్ (హెచ్‌పీ) కంపెనీ 1972లో తెచ్చిన హెచ్‌పీ-35లో నాలుగు వరసల స్టాక్ (లెక్కలో వాడే అంకెలు నిలిచే చోటు) ఉండేది. వరసల పేర్లు కింది నుంచి పైకి ఎక్స్, వై, జెడ్, టి. తెర మీద కనిపించేది ఎక్స్ ఒక్కటే. 1981 నుంచి ఇప్పటిదాకా అమ్ముడవుతున్న హెచ్‌పీ-12సీదీ ఇదే పద్ధతి. 1988 నాటి హెచ్‌పీ-42ఎస్‌దీ అంతే, కాకపోతే దాని తెర మీద ఎక్స్‌తో పాటు వై కూడా కనిపిస్తుంది. వీటిలో ఎంటర్ నొక్కితే కింద ఉన్న అంకె నకలు పై వరసలోకి వెళ్తుంది, పైనున్నవన్నీ ఒక్కో వరస జరుగుతాయి. ఆ వెంటనే కొట్టే అంకె కింది వరసలో ఉన్నదాని మీదే పడుతుంది. 1987లో హెచ్‌పీ-28సీ, తర్వాత హెచ్‌పీ-48 వరస వచ్చాక ఈ పద్ధతి మారింది. వరసలకి 1, 2, 3, 4 అని నంబర్లిచ్చారు. కొట్టిన అంకెని ఎంటర్ స్టాక్ మీద పెడుతుందంతే, రెండో నకలు చేయదు.

తేడా ఎక్కడ తగులుతుందో గుంటూరు మిర్చి యార్డు లెక్కతో చూద్దాం. 40 టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా మీద 1,660 కిలోలు, ఖాళీ గోతం కిలో చొప్పున తీసేయాలి, క్వింటా 14,000 రూపాయలు అనుకుందాం. 12సీలో ఇలా కొట్టాలి:

1660, ఎంటర్, 40, −, 100, ÷, 14000, ×

తీసివేత అవ్వగానే 1,620 వస్తుంది, భాగించగానే 16.2, చివర 2,26,800. లెక్క మొత్తానికి ఎంటర్ ఒక్కసారే నొక్కాం. రెండు అంకెలు వెంటవెంటనే కొట్టాల్సి వచ్చింది అక్కడొక్కచోటే. మిగతా చోట్ల వచ్చిన జవాబు తనే పైకి జరిగి కొత్త అంకెకి చోటిస్తుంది.

ఇప్పుడు కంప్యూటర్ అలవాటున్న మనిషి ఏం చేస్తాడో చూడండి. అంకె కొట్టిన ప్రతిసారీ ఎంటర్ నొక్కడం చేతికి వచ్చేసి ఉంటుంది. 1660, ఎంటర్, 40, ఎంటర్, − అని కొడతాడు. రెండో ఎంటర్‌తో 40 రెండయింది, 40లోంచి 40 పోయింది, తెర మీద 0 వచ్చింది. అదే వరస హెచ్‌పీ-48లో కొడితే 1,620 వస్తుంది! అక్కడ ఆ రెండో ఎంటర్ తప్పు కాదు.

కాబట్టి 48 లాంటి మెషీన్ అయితే 'ఎంటర్' అన్న మాట అలాగే ఉంచేయండి, ఏ ఇబ్బందీ లేదు. 12సీ, 42ఎస్, వాటి పద్ధతిలో నడిచే యాప్‌లు అయితే మాత్రం ఆ మాట కొత్తవాళ్లని దారి తప్పిస్తుంది.

ఎంటర్ మీద ఏం రాయాలి?

ముందుగా ఒకటి తీసి పక్కన పెట్టేద్దాం. దాని మీద = అంటించొద్దు. పిల్లలకి తేలిగ్గా అర్థమవుతుందని చాలామందికి మొదట తట్టేది ఇదే. కానీ = అంటే 'లెక్క అయిపోయింది, జవాబు చెప్పు' అని. ఎంటర్ అంటే 'మొదటి అంకె అయింది, రెండోది కొడుతున్నా' అని. ఒకటి చివర నొక్కేది, ఇంకొకటి మధ్యలో నొక్కేది. = అంటించారంటే, మొదట్లో చెప్పిన 3 లాంటి జవాబులే రోజూ చూస్తారు.

'నకలు' అని రాయొచ్చు. జరిగే పనికి అక్షరాలా సరిపోతుంది, 12సీలో ఎంటర్ చేసేది నకలే. కానీ మొదటిసారి చూసేవాళ్లకి 'నాకు నకలెందుకు?' అనే ప్రశ్న వస్తుంది, దానికి జవాబు చెప్పాలంటే స్టాక్ అంతా వివరించాలి. 'దాచు' అంటే మెమరీలో పెట్టే బటన్ అనుకుంటారు. అది వేరే ఉంది.

నాకు నచ్చింది పెద్ద ↑, దాని కింద 'పైకి'. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. హెచ్‌పీ-35 మీద ఎంటర్ పక్కన పైకి చూసే బాణం ఉండేది, తర్వాతి మోడళ్లలో దాన్ని తీసేశారు. సోవియట్ యూనియన్‌లో చేసిన ఎలెక్ట్రానికా బీ3-34 మీదైతే రష్యన్ అక్షరం ఒకటి, దాని పక్కన పైకి బాణం, అంతే. బాణం చూసినవాళ్లు 'ఇప్పుడు కొట్టిన అంకె పైకి వెళ్తుంది, కింద ఖాళీ అవుతుంది' అనుకుంటారు. నిజానికి కింద ఖాళీ అవదు, నకలు ఉంటుంది. కానీ మొదటి వారానికి ఆ ఊహ చాలు, దానివల్ల ఏ లెక్కా తప్పు రాదు.

ఒక జాగ్రత్త. స్టాక్ అనగానే బస్తా మీద బస్తా పేర్చినట్టు అని చెప్పడం అందరికీ అలవాటు. ఈ మెషీన్ల విషయంలో అలా చెప్పకండి. గోడౌన్లో కొత్త బస్తా పైకి వస్తుంది. ఇక్కడ కొత్త అంకె ఎప్పుడూ కిందే ఉంటుంది, పాతవి పైకి జరుగుతాయి. బస్తాల మాట చెప్పి బాణం పైకి పెడితే రెండూ పొసగవు.

12సీలో ఎంటర్ నిలువుగా పొడుగ్గా, రెండు వరసల ఎత్తున ఉంటుంది. అందులో అక్షరాలు ఒకదాని కింద ఒకటి రాసి ఉంటాయి. నిలువు బాణానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

గుర్తులా, తెలుగు మాటలా?

తెలుగు మాటలకి ఇక్కడ ఒక సహజమైన బలం ఉంది. మనం 'పన్నెండులోంచి అయిదు తీసెయ్', 'ఇరవైని నాలుగుతో భాగించు' అంటాం. అంకెలు ముందు, చేయాల్సిన పని చివర. ఆర్‌పీఎన్ అడిగే వరస కూడా సరిగ్గా అదే. పోలండ్ తర్కశాస్త్రవేత్త యాన్ వుకాషేవిచ్ 1920లలో పని ముందు, అంకెలు తర్వాత వచ్చేలా రాసే పద్ధతి తెచ్చాడు. దాన్ని తిరగేస్తే వచ్చిందే ఇది. కాబట్టి బటన్ మీద 'పైకి', 'చెరుపు' లాంటి చేసే పని రాస్తే, లెక్కని బయటికి చదువుతూ అదే వరసలో నొక్కుకుంటూ పోవచ్చు. క్లాసులో చెప్పేవాళ్లకి ఇది చాలా పనికొస్తుంది. లెక్కని నోటితో తెలుగులో చెప్పించి, చెప్పిన వరసలోనే నొక్కమనండి.

చిక్కు ఎక్కడంటే, బటన్ గోరంత. ఇంగ్లీషు పెద్ద అక్షరాలన్నీ ఒకే ఎత్తు. మన అక్షరాలకి పైన తలకట్టు, గుడులు, కింద ఒత్తులు. 'మార్చు' అని చిన్నగా ప్రింటు తీసి చూడండి, కింద ఒత్తు మసిబొట్టులా అయిపోతుంది. అందుకని మాట ఎంచుకునేటప్పుడే ఒత్తుల్లేనిది చూసుకోవాలి. పైకి, చెరుపు, దాచు, తే, ఇలాంటివి. 'తిప్పు' కంటే ఒక వంపు బాణం నయం.

ఇంకొక చిక్కు, రెండు పనులకి ఒకే మాట పడటం. 'తీసెయ్' అంటే బళ్లో తీసివేత, ఇంట్లో మాటల్లో అక్కర్లేనిది తొలగించడం. అందుకే అంకెని తుడిచే బటన్ మీద 'తీసెయ్' వద్దు, 'చెరుపు' రాయండి. అలాగే 'మార్చు' అంటే రెండు అంకెల స్థానాలు మార్చడమా, ప్లస్‌ని మైనస్ చేయడమా? ఆ మాట రెంటికీ వద్దు.

బటన్ల వారీగా నా ఎంపికలు ఇవి. ఎక్స్, వై స్థానాలు తారుమారు చేసే బటన్ మీద 12సీలో ఎక్స్‌కీ వైకీ మధ్య ≷ అనే గుర్తు ఉంటుంది. లెక్కలు చదువుకున్నవాళ్లు దాన్ని 'ఎక్కువా తక్కువా' అని చదువుతారు. అదే బటన్ వాలు మీద నీలం రంగులో ≤ ఉంది, అది నిజంగానే పోలిక గుర్తు! ఒకే బటన్ మీద ఇంత దగ్గర పోలికున్న రెండు గుర్తులు రెండు వేరే పనులకి. దీన్ని తప్పకుండా మార్చాలి. ⇅ పెట్టండి, మాట అక్కర్లేదు. అడ్డంగా ఉండే ⇄ కంటే నిలువుది మేలు, ఎందుకంటే స్టాక్‌ని మనం నిలువుగానే ఊహించుకుంటాం.

సీహెచ్ఎస్ అని రాసి ఉండేది గుర్తు మార్చే బటన్. దాని మీద ± పెట్టండి, బజారులో దొరికే మామూలు కాలిక్యులేటర్ల మీద చూసినదే కాబట్టి ఇట్టే పట్టుకుంటారు. అయితే అంకె కొట్టాకే దాన్ని నొక్కాలని నోటితో చెప్పండి. కేసియో సైంటిఫిక్‌లో మైనస్ ముందు నొక్కే అలవాటు పిల్లలకి ఉంటుంది. ఈఈఎక్స్ అనే బటన్‌ని ఇంజినీరింగ్ పిల్లలు గుర్తుపట్టరు. అదే పని చేసే బటన్ వాళ్ల కేసియో ఎఫ్ఎక్స్-991ఈఎస్ మీద పది పవర్ గుర్తుతో ఉంటుంది. ఆ గుర్తే ఇక్కడా అంటించండి.

సీఎల్ఎక్స్‌కి 'చెరుపు'. మామూలు కాలిక్యులేటర్లో ఏసీ నొక్కితే లెక్క మొత్తం పోతుంది. ఇది కింది అంకెని మాత్రమే సున్నా చేస్తుంది, పైన ఉన్నవి అలాగే ఉంటాయి. దాని మీద పొరపాటున కూడా ఏసీ అని రాయొద్దు. నాలుగు వరసల అంకెల్నీ తిప్పే, ఆర్ పక్కన కిందికి బాణం ఉన్న బటన్‌ని మొదట్లో వదిలేయండి. స్టాక్ కనిపించని తెర మీద దాన్ని నొక్కితే అంకెలు మాయమైనట్టు అనిపించి కొత్తవాళ్లు టెన్షన్ పడతారు.

పవర్ బటన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. హెచ్‌పీ-35 మీద ఎక్స్ పవర్ వై అని ఉండేది. అంటే 2 పవర్ 3 కావాలంటే ముందు 3, తర్వాత 2 కొట్టాలి. 1973లో వచ్చిన హెచ్‌పీ-45 నుంచి దాన్ని వై పవర్ ఎక్స్‌గా మార్చారు. 2, ఎంటర్, 3, పవర్ అని మనం పలికే వరసలోనే కొట్టొచ్చు. కానీ ఎక్స్ ఏదో, వై ఏదో తెలియనివాళ్లకి రెండు రాతలూ ఒకటే. ఇక్కడ బటన్ మీది రాత మార్చి లాభం లేదు. తెర పక్కన, కింద 'ఇప్పటిది', పైన 'ముందుది' అని చిన్న చీటీ అంటించండి. 'ముందుది పవర్ ఇప్పటిది', 'ముందుది మైనస్ ఇప్పటిది', 'ముందుది బై ఇప్పటిది'. ఈ ఒక్క చీటీ మూడు బటన్ల అనుమానం తీరుస్తుంది.

శాతం బటన్‌ని ముట్టుకోకండి. 2000, ఎంటర్, 18, % కొడితే 360 వస్తుంది, 2000 పైన అలాగే ఉంటుంది. వెంటనే + కొడితే జీఎస్టీతో కలిపి 2,360. దీనికి ఏ లేబులూ అక్కర్లేదు, ఒకసారి చేసి చూపిస్తే చాలు.

స్టిక్కరా, ఫ్రేమా, యాప్ స్కిన్నా?

ముందు యాప్ సంగతి, ఎందుకంటే ఖర్చు లేనిది ఇదే. ఫ్రీ42 అనే ఉచిత యాప్ హెచ్‌పీ-42ఎస్‌లా పనిచేస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్లలో నడుస్తుంది. దాని బటన్ల రూపాన్ని స్కిన్ అంటారు. స్కిన్ అంటే ఒక గిఫ్ బొమ్మ, బటన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే ఒక లేఅవుట్ ఫైలు. ఆ బొమ్మని ఏదైనా ఫొటో ఎడిటర్లో తెరిచి, ఎంటర్ ఉన్నచోట ↑ పైకి అని రాసి, అదే పేరుతో దాచి, ఫోన్లోకి ఎక్కించుకోవచ్చు. బొమ్మ కొలతలు మాత్రం మారకూడదు. నచ్చకపోతే ఇంకో బొమ్మ. మాటలు ఏవి పనిచేస్తాయో తేల్చుకోవడానికి ముందు ఇందులోనే పరీక్షించి, ఆ తర్వాతే అసలు మెషీన్ మీద అంటించండి. అలా చేస్తే స్టిక్కర్ షీట్ రెండోసారి వేయించాల్సిన పని తప్పుతుంది.

మెషీన్ మీద అంటించేదైతే రెండు రకాలు: బటన్ మీద స్టిక్కర్, బటన్ల మధ్య ఫ్రేమ్. విజయవాడ ఆటోనగర్లో లారీలకి, ఆటోలకి రేడియం స్టిక్కర్లు కోసేవాళ్లు చాలామంది ఉన్నారు. పెద్ద అక్షరాలకి వాళ్ల పని బాగుంటుంది కానీ ఇంత చిన్న అక్షరాన్ని విడిగా కోయడం కుదరదు. వినైల్ షీట్ మీద ప్రింటు చేసి, చుట్టూ చదరంగా, వెనక కాగితం తెగకుండా కోసిమ్మని అడగాలి. గుంటూరులో అయితే బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో డీటీపీ షాపులున్నాయి. అక్కడికి వెళ్లేటప్పుడు తెలుగు మాటల్ని వాట్సాప్ మెసేజ్‌గా పంపితే తరచుగా తిప్పలొస్తాయి. చాలా డీటీపీ షాపులు ఇప్పటికీ అను ఫాంట్లతో పనిచేస్తాయి, మన ఫోన్లో కొట్టేది యూనికోడ్, అది నేరుగా ఎక్కదు. ఇంట్లోనే పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి. నోటో శాన్స్ తెలుగు బోల్డ్ లాంటి ఒకే మందం ఉన్న ఫాంట్ వాడండి. సన్నగీతలున్న ఫాంట్లు ఈ సైజులో నిలబడవు.

కాగితం మీద ప్రింటు తీసి పైన టేపు వేయడం చౌకే. కానీ మన ఎండాకాలంలో వేళ్ల చెమటకి టేపు అంచులు లేచి బటన్ పక్క సందులో ఇరుక్కుంటాయి. నాలుగు రోజుల క్లాసుకి సరే, ఏడాది వాడే మెషీన్‌కి వద్దు.

ఎక్కువ కాలం ఉండాలంటే ఫ్రేమే మంచిది. పల్చటి ప్లాస్టిక్ షీటులో బటన్ల ఆకారంలో కిటికీలు కోసి, ప్రతి బటన్ పైన మాట రాస్తారు. వేలు దాని మీద పడదు కాబట్టి చెరగదు, కంపెనీ రాసినది కూడా కనిపిస్తూనే ఉంటుంది. 1979లో వచ్చిన హెచ్‌పీ-41సీకి కంపెనీ వాళ్లే ఇలాంటి ఖాళీ ఫ్రేములు ఇచ్చేవాళ్లు, ఎవరి ప్రోగ్రాముకి తగ్గ పేర్లు వాళ్లు రాసుకోవడానికి. అంతకుముందు 1974 నాటి హెచ్‌పీ-65లో ప్రోగ్రాము ఉన్న అయస్కాంత కార్డునే పై వరస బటన్ల పైన గాడిలోకి జరిపేవాళ్లు, కార్డు మీద రాసిన పేర్లు కింద ఉన్న అయిదు బటన్ల లేబుళ్లు అయ్యేవి. ప్రోగ్రాము మారితే పేర్లూ మారేవి. ఎంత చక్కటి ఆలోచనో! ఫ్రేముతో ఉన్న ఒకే కష్టం కోత. 12సీలో బటన్ల మధ్య సందు సన్నం, అక్కడే ఎఫ్ బటన్ ముందు నొక్కితే వచ్చే రెండో పనుల పేర్లు బంగారు రంగులో ఉంటాయి. అవి మూసుకుపోకుండా పారదర్శకమైన షీటే వాడాలి.

బటన్‌నే గీకి పెయింటు వేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. పాత హెచ్‌పీ బటన్లలో అక్షరం పైన అచ్చువేసింది కాదు, రెండు రంగుల ప్లాస్టిక్‌ని కలిపి పోతపోసింది. ఎంత వాడినా చెరగదు. థిన్నర్ తగిలితే బటన్ పాడైపోతుంది. స్టిక్కర్ జిగురు వదలకపోతే గుడ్డకి ఒక చుక్క కొబ్బరినూనె అద్ది మెల్లగా తుడవండి.

ఎవరికి ఏది?

ఇంజినీరింగ్ పిల్లలకి యాప్ స్కిన్. గేట్ పరీక్షలో ఎలాగూ తెర మీద కనిపించే కాలిక్యులేటరే వాడాలి కాబట్టి వీళ్లు ఆర్‌పీఎన్ నేర్చుకునేది ఇష్టంతోనే. దానికి డబ్బు పెట్టించొద్దు.

సీఎఫ్ఏ (ఫైనాన్స్ రంగంలోని ఒక పరీక్ష) రాసేవాళ్లకి పరీక్షలో అనుమతించే మెషీన్లలో 12సీ ఒకటి. వీళ్లు కంపెనీ రాతలతోనే అలవాటుపడాలి. ఇంట్లో పక్కన చీటీ పెట్టుకోండి, బటన్ల మీద ఏమీ అంటించొద్దు. స్టిక్కర్లున్న మెషీన్‌ని పరీక్ష హాల్లో అడ్డగిస్తే ఆ సమయంలో పీకుతూ కూర్చోలేం.

కమీషన్ కొట్టులో, దుకాణంలో రోజంతా గొలుసు లెక్కలు చేసే గుమస్తాగారికి ↑ పైకి, ⇅, ±, చెరుపు, ఈ నాలుగు వినైల్ స్టిక్కర్లు, తెర పక్కన ముందుది, ఇప్పటిది చీటీ. నీలం, బంగారు రంగు రాతల మీద స్టిక్కర్ పడకుండా చూడండి. అయితే అదే మెషీన్‌ని ముగ్గురు నలుగురు వాడే కౌంటర్ అయితే అసలు ఆర్‌పీఎన్ పెట్టొద్దు. నేర్చుకున్న మనిషి సెలవు పెట్టిన రోజున మిగతావాళ్లు తప్పు బిల్లు వేస్తారు.

పదిమందికి నేర్పే మాస్టారికైతే ఫ్రేములు. క్లాసు మొదలైనప్పుడు పెట్టి, పిల్లలకి చేయి తిరిగాక తీసేయొచ్చు. మొదట ఆర్ బాణం, పవర్ బటన్ల మీద నల్ల టేపు వేసి మూసేయండి, నాలుగు వరసలూ బోర్డు మీద గీసి చూపించిన రోజున తెరవండి. అప్పటికి ⇅ బాగా వచ్చేసి ఉంటుంది కాబట్టి, నాలుగూ కలిసి తిరగడం ఏమిటో చెప్పడానికి పెద్దగా టైం పట్టదు.